లూడన్ దయ్యాలు, వాటి వెనక దొరలు

ఒక బళ్లో ప్రార్థన వేళ ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోతుంది. పక్కనున్న పిల్లకి గుండె దడదడలాడుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆ పిల్లా పడిపోతుంది. గంట తిరిగేసరికి పాతికమంది ఆసుపత్రి వరండాలో పడుకుని ఉంటారు. తాగిన నీళ్లు పరీక్షిస్తారు, తిన్న ఉప్మా పరీక్షిస్తారు. ఏమీ దొరకదు. సాయంత్రానికి అందరూ లేచి ఇళ్లకు పోతారు. ఇలాంటి వార్తలు మీరూ చదివే ఉంటారు.

అది చూసి "అంతా నటన" అనేవాళ్లు కొందరు, "గాలి సోకింది" అనేవాళ్లు కొందరు. నాయనా, రెండూ కాదు. ఆ పిల్లల వేళ్లు నిజంగానే తిమ్మిరెక్కాయి. ఎలాగో చెబుతాను వినండి. భయమేస్తే మనకి తెలియకుండానే ఊపిరి వేగం పుంజుకుంటుంది. అప్పుడు బయటికి పోయే కార్బన్ డయాక్సైడ్ పోవలసిన దానికన్నా ఎక్కువ పోతుంది. రక్తంలో అది తగ్గిందంటే రక్తం కాస్త క్షారం వైపు మొగ్గుతుంది. దాంతో రక్తంలో విడిగా తిరిగే కాల్షియం కొంత ప్రోటీన్లకు అంటుకుపోతుంది. నరాలను నిమ్మళంగా ఉంచేది ఆ విడి కాల్షియమే. అది తగ్గగానే నరాలు అయినదానికీ కానిదానికీ ఉలిక్కిపడతాయి. పెదాల చుట్టూ చిమచిమలు, వేళ్లలో తిమ్మిరి, మణికట్టు దగ్గర చెయ్యి వంకర తిరిగి బిగుసుకుపోవడం, ఇవన్నీ దాని పనే. మెదడుకు వెళ్లే రక్తనాళాలు కూడా కాస్త సన్నబడతాయి, అందుకే కళ్లు తిరుగుతాయి. ఒంట్లో విషం లేదు, దయ్యం లేదు. బాధ మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం.

మరి ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పాకుతుందంటారా? దడ పుట్టిన పిల్లకి తనకేమవుతోందో తెలియదు. మెదడు ఊరుకోదు, కారణం వెతుకుతుంది. ఎదురుగా ఇంకో పిల్ల పడిపోతూ కనబడితే "నాకూ అదే" అని తేల్చేస్తుంది. మనకి కలిగే అనుభవమంతా కళ్లూ చెవులూ చర్మమూ పంపిన కబురు మాత్రమే కాదు. మెదడు ముందుగా వేసుకున్న అంచనా కూడా అందులో కలుస్తుంది. అంచనా గట్టిదైతే ఒళ్లు దాని వెంటే పోతుంది. విషం తిన్నానని నమ్మితే కడుపులో తిప్పుతుంది. దయ్యం పట్టిందని నమ్మితే, దయ్యం పట్టినవాళ్లు ఎలా ఊగుతారని ఆ ఊళ్లో చెప్పుకుంటారో అచ్చం అలాగే ఊగిపోతారు.

1998 నవంబరులో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక హైస్కూల్లో టీచరమ్మకి పెట్రోలు వాసన లాంటిది వచ్చి తల తిరిగింది. ఆ రోజే వందమంది దాకా ఆసుపత్రికి పరుగెత్తారు. గాలి, నీళ్లు, రక్తం అన్నీ పరీక్షించారు, విషం జాడ లేదు. డాక్టర్లు ఓపిగ్గా వివరాలు సేకరిస్తే తేలిందేమిటంటే, ఇంకొకరు జబ్బుపడటం కళ్లారా చూసినవాళ్లే ఎక్కువగా జబ్బుపడ్డారు. అంతకు చాలా ముందు, 1962 జనవరి 30న టాంగన్యికాలో, అంటే నేటి టాంజానియాలో, కషాషా అనే ఊరి బోర్డింగు బళ్లో ముగ్గురు ఆడపిల్లలు ఆపుకోలేని నవ్వు మొదలుపెట్టారు. సంతోషపు నవ్వు కాదమ్మా అది, మధ్యలో ఏడుపు, గాభరా, అక్కడా ఇక్కడా పరుగులు. బళ్లో ఉన్న 159 మందిలో 95 మందికి పాకింది. మార్చి 18న బడి మూసేశారు. ఇళ్లకు పంపిన పిల్లల వెంట అది వాళ్ల ఊళ్లకూ పోయింది.

ఇలాంటివి ఎక్కడ ఎక్కువ పుడతాయో గమనించండి. బోర్డింగు బళ్లు, మఠాలు, పెద్ద పెద్ద ఫ్యాక్టరీల షెడ్లు. నోరెత్తడానికి వీల్లేనిచోట, బయటికి పోవడానికి దారిలేనిచోట. చెప్పుకోలేని బాధను ఒళ్లు చెబుతుంది. వైద్యం కూడా డాక్టర్లకు తెలుసు. పడినవాళ్లను ఒకరికొకరు కనబడకుండా వేరు చెయ్యాలి, చుట్టూ మూగిన జనాన్ని పంపేయాలి, నెమ్మదిగా మాట్లాడాలి, భయపెట్టే మాటలు ఆపాలి. చాలాసార్లు రోజుల్లో సద్దుమణుగుతుంది.

ఇప్పుడు అసలు కథకు వస్తున్నాను. ఈ వైద్యాన్ని తెలిసో తెలియకో ఎవరైనా తలకిందులు చేస్తే? పడినవాళ్లను విడదీయడానికి బదులు ఒకచోట చేర్చి, జనాన్ని పంపడానికి బదులు పిలిచి, భయాన్ని ఆపడానికి బదులు రోజూ నూరిపోస్తే? మంట తను పెట్టనక్కరలేదు, ఊదురుగొట్టం చేతిలో ఉంటే చాలు. చరిత్రలో పదవిలో ఉన్నవాళ్లు ఈ పని చేశారు. అలాంటి కథల్లో ఫ్రాన్సు దేశపు లూడన్ కథ నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. కానీ దానికి ముందు ఒక చిన్న కథ చెప్పాలి, ఎందుకంటే అందులో రాజు సరిగ్గా వ్యవహరించాడు.

ఫ్రాన్సులో క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ముప్పై ఏళ్లకు పైగా నరుక్కుని నరుక్కుని అలసిపోయాక, 1598లో నాలుగో హెన్రీ రాజు నాంట్ అనే ఊళ్లో ఒక శాసనం చేశాడు. ప్రొటెస్టెంట్లు కూడా బతకొచ్చు, కొన్ని చోట్ల వాళ్ల ప్రార్థన వాళ్లు చేసుకోవచ్చు అని. అది గిట్టనివాళ్లు చాలామంది. సరిగ్గా అప్పుడే మార్త్ బ్రొస్సియే అనే బట్టల వర్తకుడి కూతురికి దయ్యం పట్టింది. తండ్రి ఆమెను ఊరూరా తిప్పాడు. 1599లో పారిస్ చేరేసరికి ఆమె నోటివెంట దయ్యం ప్రొటెస్టెంట్లంతా తన మనుషులేనని పలుకుతోంది. జనం విరగబడి వచ్చారు. చర్చి వేదికల మీద నుంచి ఫాదరీలు అందుకున్నారు.

దారిలో ఆంజే పట్నపు బిషప్ ఆమెకు పెట్టిన పరీక్ష ఉంది చూశారూ, సైన్సు చదివే పిల్లలు తప్పకుండా తెలుసుకోవాలి. మంత్రించిన తీర్థాన్ని మామూలు నీళ్లంటూ తాగించాడు. ఏమీ కాలేదు. మామూలు నీళ్లను తీర్థమని ఇచ్చాడు. గిలగిలా కొట్టుకుంది. తర్వాత దయ్యాన్ని వదిలించే మంత్రాల పుస్తకం తెమ్మని పైకి చెప్పి, లాటిన్ కవి వర్జిల్ కావ్యంలో మొదటి పాదం గంభీరంగా చదివాడు. అది దేవుడి మాట కాదు, యుద్ధాల కథ. దానికీ ఆమె మెలికలు తిరిగిపోయింది. ఈ రోజు కొత్త మందు పనిచేస్తుందో లేదో చూడాలంటే కొందరికి మందు, కొందరికి మందులా కనబడే ఉత్త బిళ్ల ఇచ్చి, ఏది ఎవరికిచ్చామో రోగులకు చెప్పరు కదా? ఆ పద్ధతికి పూర్వీకులు ఈ తీర్థం పరీక్షలే. పారిస్‌లో మరెస్కో అనే డాక్టరు కూడా ఆమెను పరీక్షించి, ఇందులో దయ్యం పని ఏమీ లేదని పుస్తకం అచ్చువేశాడు. రాజు ఆమెను జనం కంటబడకుండా అదుపులో ఉంచి, తండ్రితో సహా సొంత ఊరికి పంపించేశాడు. వచ్చిపోయే జనం లేకపోయేసరికి ఆ గొడవ చల్లారింది. ఎవరినీ కాల్చలేదు, ఎవరి మెడా తెగలేదు.

ముప్పై అయిదేళ్లు తిరిగాయి. అదే దేశం, అవే దయ్యాలు. రాజు మారాడు. పదమూడో లూయీ పేరుకు రాజు, పెత్తనమంతా కార్డినల్ రిషెల్యూది.

లూడన్ పడమటి ఫ్రాన్సులో ప్రాకారమున్న పాత ఊరు. సగం క్యాథలిక్కులు, సగం ప్రొటెస్టెంట్లు అన్నట్టుండేది. 1617లో ఊరి చర్చికి ఉర్బేన్ గ్రాండియే అనే కుర్ర ఫాదరీ వచ్చాడు. అందగాడు, చదువుకున్నవాడు, మాటకారి. కానీ గర్వం మెండు, ఆడవాళ్ల విషయంలో నడవడి మంచిది కాదు. ప్రభుత్వ వకీలు ట్రింకాన్ ఇంటికి స్నేహితుడిగా వెళ్లి ఆయన కూతురిని గర్భవతిని చేశాడని ఊరంతా చెప్పుకున్నారు. స్నేహితుడు పగవాడయ్యాడు. 1618లో ఒక ఊరేగింపులో ముందు ఎవరు నడవాలన్న తగువు వస్తే, పక్క మఠపు పెద్దను వెనక్కి నెట్టి తానే ముందు నడిచాడు. ఆ వెనకబడ్డ పెద్దమనిషి, అప్పటికి పదవి పోయి మూలన కూర్చున్న రిషెల్యూ. తర్వాత రిషెల్యూను ఎగతాళి చేస్తూ ఒక కరపత్రం వస్తే అదీ గ్రాండియే రాతేనన్నారు. అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఊళ్ల కోటలన్నీ పడగొట్టించి అధికారమంతా పారిస్‌కు లాక్కోవడం రిషెల్యూ విధానం. లూడన్ కోటను పడగొట్టవద్దని పోరాడే ఊరి గవర్నరు పక్షాన నిలబడ్డాడు గ్రాండియే. దగ్గరలోనే రిషెల్యూ తన పేరుతో కొత్త పట్నం కట్టుకుంటున్నాడు. లూడన్ వెలుగు తగ్గితే దానికి లాభం.

గ్రాండియే మంచివాడని నేను చెప్పడం లేదు. మంచివాడు కాకపోవడమే శత్రువులకి పనికొచ్చింది. అసలు తప్పులు చూపించి కోర్టుకు లాగితే 1631లో పైవాళ్లు కొట్టేశారు. చేసిన తప్పుతో పడగొట్టలేనివాణ్ని చెయ్యని తప్పుతో పడగొట్టారు.

ఆ ఊళ్లో 1626 నుంచి ఉర్సులైన్ సన్యాసినుల మఠం ఉంది. అద్దెకు తీసుకున్న ఇల్లు, అందులో దయ్యాలున్నాయని ముందునుంచీ పేరు. 17 మంది సన్యాసినులు. చాలామంది పెద్దింటి పిల్లలే, కట్నం ఇచ్చుకోలేక తల్లిదండ్రులు మఠంలో చేర్చినవాళ్లు. పెద్దమ్మ ఝాన్ దెజాంజ్‌కు ముప్పై ఏళ్లు, వెన్ను కాస్త వంకర. గ్రాండియే గురించి ఊళ్లో చెప్పుకునే కబుర్లు మఠం గోడలు దాటి వచ్చేవి. ఆయన్ని తమకు గురువుగా ఉండమని ఆమె కబురు పెట్టింది, ఆయన రానన్నాడు. ఆ చోట్లో మిన్యోన్ వచ్చాడు, ట్రింకాన్‌కు దగ్గరి చుట్టం, గ్రాండియేకు బద్ధశత్రువు. ఇది గుర్తుపెట్టుకోండి. సన్యాసినుల మనసులోని గుట్లన్నీ వినేది ఇప్పుడు ఆయనే.

1632 మే నుంచి లూడన్‌లో ప్లేగు. వీధుల్లో శవాలు, మఠం తలుపులు మూసుకున్నాయి. సెప్టెంబరులో రాత్రిళ్లు ఒక సన్యాసినికి చనిపోయిన పాత గురువు కనబడ్డాడు. తర్వాత ఇంకొకరికి, ఇంకొకరికి. కొద్దిరోజుల్లో కనబడే మనిషి మారాడు. పాత గురువు పోయి గ్రాండియే వచ్చాడు. ఎలా మారిందో ఊహించడం కష్టం కాదు. రోజూ "ఎవరు కనబడ్డారు? ఫలానావాడేనా?" అని అడిగేవాడికి ఎవరి మీద పగ ఉందో ఆ పేరే ప్రశ్నలో ముందు నిలుస్తుంది, జవాబులో తరువాత నిలుస్తుంది. మానసిక వైద్యులు ఈనాడు సాక్షులను ప్రశ్నించేటప్పుడు పేరు అందించకూడదని అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

పక్క ఊరి నుంచి బారే అనే ఫాదరీని పిలిపించి దయ్యాలను విడిపించే తంతు మొదలుపెట్టారు. నేలమీద దొర్లడం, వెన్ను విల్లుగా వంచడం, అరుపులు, బూతులు. దయ్యం పట్టినవాళ్లకు తెలియని భాషలు వస్తాయని శాస్త్రం కదా, ఊరి ప్రొటెస్టెంట్ కాలేజీ ప్రిన్సిపాలు, స్కాట్లాండు మనిషి, ఒక పరీక్ష పెట్టాడు. నీళ్లను మా స్కాట్లాండు భాషలో ఏమంటారో దయ్యాన్ని చెప్పమనండి అన్నాడు. దయ్యం లాటిన్‌లో తప్పించుకోబోయింది. "దేవుడు ఒప్పుకోడు" అనబోయి, క్రియ తప్పి, "దేవుడు ఒప్పుకోను" అన్నట్టుగా పలికింది. చదువుకున్నవాళ్లు ఘొల్లుమన్నారు. దయ్యాల్లో కూడా చదువు రానివి ఉంటాయని ఫాదరీలు సర్దిచెప్పారు. చూశారా పిల్లలూ, ఎలాంటి జవాబు వచ్చినా చెదరని నమ్మకాన్ని పరీక్షించలేం. పాసైతే దయ్యం ఉన్నట్టు, ఫెయిలైతే చదువురాని దయ్యం ఉన్నట్టు.

1632 డిసెంబరులో బోర్డో ఆర్చిబిషప్పు సూర్దీ కలగజేసుకున్నాడు. తన డాక్టరును పంపాడు. సన్యాసినులను ఒకరికొకరు కలవకుండా వేరు చెయ్యండి, మంచి డాక్టర్లతో చూపించండి, నిజంగా తెలియని భాషలు వస్తేనే తంతు జరపండి అని హుకుం రాశాడు. ఏమైందనుకుంటున్నారు? దయ్యాలు ఆగిపోయాయి! నెలల తరబడి మఠం ప్రశాంతం. ఇది తెలిసి చేసిన ప్రయోగం కాదు గాని, ప్రయోగం కన్నా తక్కువ కూడా కాదు. ఆ ఒక్క హుకుం కొనసాగి ఉంటే కథ అక్కడే ముగిసిపోయేది. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. దయ్యాల పేరు పడ్డాక మఠం బళ్లోంచి పిల్లలను తల్లిదండ్రులు తీసుకుపోయారు. ఫీజులు లేవు. సన్యాసినులు పరాయివాళ్ల పనులు చేసి కడుపు నింపుకోవలసి వచ్చింది. దయ్యాలు ఉంటే దిక్కు లేదు, దయ్యాలు పోతే "మరి అప్పుడు అబద్ధమాడారా?" అంటారు. ఆ ఆడవాళ్లను ఇరికించిన ఇరుకు అదీ.

1633లో లోబర్డ్‌మాన్ అనే అధికారి వచ్చాడు. రిషెల్యూ పంపిన మనిషి. వచ్చిన పని కోట పడగొట్టడం. మఠం పెద్దమ్మకు ఆయన చుట్టం కూడా. ఆయన వచ్చాక దయ్యాలు తిరిగి లేచాయి. పారిస్ వెళ్లి నవంబరు 30న రాజు పేరుతో ఉత్తర్వు తెచ్చుకున్నాడు. గ్రాండియేను విచారించే అధికారం తనదే, తీర్పు మీద పారిస్ పార్లమెంటు అనే పెద్ద కోర్టుకు అప్పీలు లేదు. డిసెంబరులో గ్రాండియేను పట్టి ఆంజే కోటలో వేశారు.

ఇక్కడినుంచి జరిగిందంతా ఆర్చిబిషప్పు హుకుంకు సరిగ్గా తలకిందులు. విడదీయమన్నవాళ్లను చర్చిల్లో నలుగురి మధ్యా నిలబెట్టారు. తంతు గదిలోంచి వేదిక మీదికి వచ్చింది. వేల జనం. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. సత్రాలు నిండిపోయాయి, దూరదేశాల నుంచి కూడా చూడ్డానికి వచ్చేవారు. ఊపిరి వేగం, కాల్షియం సంగతి చెప్పాను కదా? ఉపవాసాలు, నిద్రలేమి, ఎదురుగా పక్కమ్మాయి విరుచుకుపడుతూంటే చూడటం, చుట్టూ జనం కేకలు, దయ్యం రాకపోతే ఎందుకు రాలేదని గద్దింపు. ఆ అమ్మాయిల ఒళ్లు ఎలా తట్టుకుంటుంది? ఝాన్ దెజాంజ్ తర్వాత తన ఆత్మకథలో తనే రాసుకుంది, ఆ ఊపులో తనకూ కొంత సుఖం ఉండేదనీ, కావాలనుకుంటే చాలాసార్లు ఆపుకోగలిగేదాన్ననీ. ఆ మాటలు చదివి ఆమెను దొంగ అనెయ్యడం తేలిక. నాకు అలా అనిపించదు. ఇష్టపూర్వకంగా మొదలైనదీ, ఇష్టం లేకుండా సాగినదీ ఒకే ఒంట్లో గీత గీసినట్టు విడివిడిగా ఉండవు.

గ్రాండియే ఒంటి మీద దయ్యపు గుర్తుల కోసం వెతికారు. గుండు గీయించి కళ్లకు గంతలు కట్టి, మనూరీ అనే శస్త్రవైద్యుడు శలాకతో ఒళ్లంతా పొడిచాడు. గుర్తు ఉన్నచోట నొప్పి తెలియదని నమ్మకం. ఒకచోట ఎముకకు తగిలేలా పొడిస్తే ఖైదీ కేక వీధిలోకి వినబడేది. ఇంకొకచోట శలాక తిప్పి మొండి వైపు మెల్లగా ఆనించేవాడు. కేక రాదు. "ఇదిగో గుర్తు" అని రాసుకునేవారు. మార్త్‌కు తీర్థం మార్చి ఇచ్చిన చెయ్యీ, ఇక్కడ శలాక తిప్పిన చెయ్యీ రెండూ పరీక్ష పేరుతో చేసినవే. మొదటిది తెలుసుకోవడానికి, రెండోది తేల్చేసుకున్నదాన్ని చూపించడానికి.

డంకన్ అనే డాక్టరు ఉండేవాడు, సోమ్యూర్ ప్రొటెస్టెంట్ కాలేజీ ప్రిన్సిపాలు. దయ్యానికి మనిషిని మించిన బలం ఉంటుందంటున్నారు కదా అని, పెద్దమ్మ ఊగిపోతూంటే చెయ్యి పట్టుకున్నాడు. దయ్యం విడిపించుకోలేకపోయింది. ఇదంతా ఊహ బలం, ఒకరిని చూసి ఒకరు నమ్మడం అని 1634లో పుస్తకం అచ్చువేశాడు. లోబర్డ్‌మాన్ ఆయన్ని పట్టించబోతే, పెద్దింటి దొరసాని అడ్డుపడి కాపాడింది. సైన్సు చెప్పడానికి తెలివి ఒక్కటే చాలదని ఆ డాక్టరును తలుచుకున్నప్పుడల్లా అనుకుంటాను.

అందరికీ అలాంటి అండ ఉండదు. 1634 జులై 2న లోబర్డ్‌మాన్ ఊళ్లో చాటించాడు. సన్యాసినుల మీద గాని, తంతు జరిపే ఫాదరీల మీద గాని ఎవరైనా వ్యతిరేకంగా మాట్లాడితే 10,000 లీవ్రుల జరిమానా, పైగా శరీరదండన. ఈ కథ మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టేది దయ్యాలు కాదు, ఈ చాటింపు. భయం మూకుమ్మడిగా ఉండాలంటే అనుమానం ఒంటరిగా ఉండాలి. పక్కింటివాడికీ అనుమానం ఉందని తెలిస్తే మనిషికి ధైర్యం వస్తుంది. ఆ సంగతి నోరు విప్పి చెప్పుకోకుండా చేస్తే వెయ్యిమంది అనుమానస్తులు కూడా నమ్మినవాళ్లలాగే వరసలో నిలబడతారు.

ఆ జులైలోనే జరిగింది, వింటే గుండె తరుక్కుపోతుంది. క్లేర్ అనే సన్యాసిని చర్చిలో జనం ముందు ఏడుస్తూ, నేను చెప్పినదంతా అబద్ధం, నేర్పించి చెప్పించారు అంది. తర్వాత ఆగ్నెస్ అంది. చివరికి పెద్దమ్మే ఉత్త లోపలిబట్టతో, మెడలో తాడు, చేతిలో కొవ్వొత్తితో మఠం పెరట్లో వానలో నిలబడి, నిర్దోషి మీద నేరం మోపానని లోబర్డ్‌మాన్‌తో చెప్పింది. తర్వాత చెట్టుకు ఉరేసుకోబోతే తోటివాళ్లు ఆపారు. దొరల జవాబు ఏమిటి? గ్రాండియేను కాపాడటానికి ఇప్పుడు దయ్యమే ఇలా మాట్లాడిస్తోందన్నారు. నేరం మోపినప్పుడు దయ్యం నిజం చెబుతుంది, నేరం లేదన్నప్పుడు అదే దయ్యం అబద్ధం చెబుతుంది! దయ్యం సాక్ష్యం చెల్లదని పారిస్ సోర్బాన్ పండితుల మతం. ఆ మతాన్నీ పక్కన పెట్టేశారు.

తీర్పు చెప్పడానికి బయటి ఊళ్ల నుంచి ఏరి తెచ్చిన న్యాయాధికారులు. 1634 ఆగస్టు 18న తీర్పు, అదే రోజు అమలు. కాళ్లు చెక్కల మధ్య బిగించి మేకులు దించి ఎముకలు విరగ్గొట్టారు. తన పాపాలు ఒప్పుకున్నాడు, మంత్రగాణ్ని మాత్రం కాదన్నాడు. తోడుదొంగల పేర్లు చెప్పమంటే ఒక్కరి పేరూ చెప్పలేదు. మంటకు ముందు గొంతు బిగించి ప్రాణం తీస్తామని మాట ఇచ్చి, అది కూడా జరగనివ్వలేదు. సజీవంగానే కాల్చారు. దయ్యాలు విడిపించే ఫాదరీ లక్తాన్స్ స్వయంగా నిప్పు పెట్టాడు. గర్వంతో, తప్పులతో బతికిన ఆ మనిషి, ఇంకొకరిని ఇరికించకుండా చచ్చిపోయాడు. ఆ ఒక్క సంగతికి ఆయనకు దణ్ణం పెడతాను.

మరి మంత్రగాడు చచ్చాడు కదా, దయ్యాలు పోవాలి కదా? పోలేదు. ఇంకో మూడేళ్లు సాగాయి, ఎందుకంటే వేదికా జనమూ పోలేదు. కోట మాత్రం కూలింది. గవర్నరు పలుకుబడి పోయింది. ఊళ్లో సగానికి ఉన్న ప్రొటెస్టెంట్లు తల దించుకున్నారు. రిషెల్యూ ఆ దయ్యాలను నమ్మాడో లేదో గాని, దయ్యాల పేరుతో జరిగిన పనులన్నీ ఆయనకు కావలసినవే. ఈ సన్యాసినులకు ఆయన జబ్బు తెప్పించలేదు, అది నిజం. ప్లేగు తెచ్చింది, మూసిన తలుపులు తెచ్చాయి, ఆకలి తెచ్చింది. జబ్బు తగ్గే దారి తెలిసిన హుకుం ఒకటి చేతికి అందేంత దూరంలో ఉంటే, దాన్ని పక్కకు తోసి నలుగురిలో నిలబెట్టింది మాత్రం ఆయన మనుషులే.

మన తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి పేరుతో జరిగినవి మీకు చెప్పకుండా ఉండలేను. ఊళ్లో వరసగా నలుగురికి జబ్బు చేస్తే, మెలికలు తిరిగే ఆడమనిషి నోట ఒక పేరు పలుకుతుంది. ఆ పేరు సర్పంచిదో ఆసామిదో కావడం నేనెప్పుడూ వినలేదు. ఒంటరి ముసలమ్మది, గట్టు తగాదా ఉన్నవాడిది, కూలీ దంపతులది. మంత్రం పలకలేకుండా పళ్లు ఊడగొట్టడం, ఊరి మధ్య కట్టేసి తగలబెట్టడం ఈ నేల మీదే జరిగాయి. అక్కడా బాధపడే మనిషి నటించడం లేదు. ఆ నోట పేరు ఎలా వచ్చిందో, ముందు ఎవరు అడిగారో, పేరు వచ్చాక ఆ పొలం ఎవరి చేతికి పోయిందో వెతకాలి. మీలో ఎవరైనా డాక్టర్లయితే, పోలీసులయితే, ఊళ్లో టీచర్లయినా సరే, ఆ ప్రశ్నలు అడగండమ్మా. అడిగేవాళ్లు ఒకరు తోడున్నా ఊళ్లో సగంమంది నోళ్లు విచ్చుకుంటాయి.

ఝాన్ దెజాంజ్ ఏమైందో చెప్పలేదు కదూ. దయ్యం వదిలిపోతూ ఆమె ఎడమచేతి మీద జీసస్, మేరీ, జోసెఫ్ పేర్లు చెక్కి పోయిందని, 1638లో ఆ చెయ్యి చూపిస్తూ ఫ్రాన్సంతా తిరిగింది. రిషెల్యూ దర్శనమిచ్చాడు, రాజు దర్శనమిచ్చాడు. అప్పుడు రాణి నిండు గర్భిణి. సెయింట్ జోసెఫ్ పూసిన లేపనం అంటిందంటూ ఆమె దాచుకున్న అంగీని సుఖంగా కాన్పు కావాలని రాణికి తాకించారు. సెప్టెంబరులో పుట్టిన ఆ బిడ్డే పద్నాలుగో లూయీ. పెద్దయ్యాక, 1682లో, ఆయనే ఒక శాసనం చేశాడు. చేతబడి, మంత్రాలు అనేవాటిని ఉన్నట్టు చెప్పుకునే వట్టి మోసాలుగా అందులో రాయించాడు. ఆ తర్వాత ఫ్రాన్సులో మంత్రగాళ్లని మనుషులను కాల్చే విచారణలు దాదాపు ఆగిపోయాయి. లూడన్ పెద్దమ్మ ఆత్మకథను మాత్రం 1886లో ఇద్దరు డాక్టర్లు అచ్చువేశారు. వాళ్లలో ఒకాయన జిల్ ద లా తురెత్, నరాల జబ్బుకు పేరుపడ్డ ఆ తురెతే, లూడన్ దగ్గరి పల్లెలో పుట్టినవాడు.